మైక్ ఆన్ చేస్తే ఏమవుతుంది? గేమ్స్ ఆడే ఆడవాళ్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవన్నీ నన్ను నిజంగా అడిగినవే. కొన్ని ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర, కొన్ని పెళ్లి భోజనాల్లో, కొన్ని మ్యాచ్ మధ్యలో. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక ఒకచోట రాసి పెడుతున్నాను.

అసలు అమ్మాయిలు గేమ్స్ ఆడతారా?

ఆడతారు. అమెరికాలో గేమ్ కంపెనీల సంఘం చేసే సర్వేల్లో ఈమధ్య ఆడేవాళ్లలో ఆడవాళ్లు 46 శాతం దాకా తేలుతున్నారు, అంటే ఇంచుమించు సగం. మన దగ్గర సంగతి తెలియాలంటే సర్వే కూడా అక్కర్లేదు. సాయంత్రం హైదరాబాద్ మెట్రోలో ఆడవాళ్ల వైపు నిలబడి అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా పక్కవాళ్ల ఫోన్ల మీద ఒక చూపు వేయండి (వేయకూడదు, తెలుసు). ఐదింటిలో ఒకదాంట్లోనైనా రంగురంగుల బిళ్లలు పేలుతుంటాయి.

క్యాండీ క్రష్, లూడో కూడా గేమ్సేనా? అవి టైంపాస్ కదా?

ఈ ప్రశ్న దగ్గరే నాకు కాస్త మండుతుంది. 2012లో వచ్చిన క్యాండీ క్రష్‌లో వెయ్యి లెవెళ్లు దాటిన మా పిన్ని "నాకు గేమ్స్ రావమ్మా" అంటుంది. వారానికి రెండు మ్యాచ్‌లు ఆడి రెండూ ఓడిపోయే వాళ్లబ్బాయి మాత్రం "గేమర్". ఆడవాళ్లు ఎక్కువగా ఆడేదానికి "టైంపాస్" అని పేరు పెడతారు, మగపిల్లలు ఎక్కువగా ఆడేదానికి "గేమింగ్" అని పేరు పెడతారు, తర్వాత అమ్మాయిలు గేమింగ్‌లో లేరేమిటని ఆశ్చర్యపోతారు.

2020 లాక్‌డౌన్‌లో దేశమంతా ఆడిన లూడో కింగ్ ఎక్కడి నుంచి వచ్చింది? పచ్చీసు నుంచే కదా. మా అమ్మమ్మ తెనాలి దగ్గర పల్లెటూళ్లో అరుగు మీద సుద్దముక్కతో గళ్లు గీసి అష్టాచమ్మా ఆడేది. నాలుగు గవ్వలు, విరిగిన గాజుముక్కలు కాయలు. ఎదుటివాళ్ల కాయను చంపేటప్పుడు ఆమె మొహం చూస్తే మీరు ఏ షూటింగ్ గేమ్ ఆడేవాడికీ భయపడరు. వామనగుంటలు ఆడితే ఏ గుంటలో ఎన్ని చింతగింజలున్నాయో చూడకుండా చెప్పేది. అయితే ఒక సంగతి నాకు పెద్దయ్యాకే వెలిగింది: ఎంత రసపట్టులో ఉన్నా ఆమె ఒక చెవి ఎప్పుడూ వీధి వైపే ఉండేది. తాతయ్య చెప్పుల చప్పుడు వినపడగానే గవ్వలు కొంగులోకి పోయేవి, ఆవిడ వంటింట్లోకి పోయేది. ఆయనేమీ కొట్టేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. కానీ మగమనిషి ఇంటికొచ్చేసరికి ఆడమనిషి ఆడుకుంటూ కనపడకూడదు, అంతే.

ఈ ఒక చెవి సంగతి గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

మైక్ ఆన్ చేస్తే ఏమవుతుంది?

ఒక రాత్రి జరిగింది చెప్తాను. నలుగురు ఒక జట్టుగా (దాన్నే స్క్వాడ్ అంటారు) మైక్‌లో మాట్లాడుకుంటూ ఆడే షూటింగ్ గేమ్, మిగతా ముగ్గురూ ఎవరో తెలియదు. నేను మామూలుగా మైక్ ఆఫ్‌లోనే ఆడతాను, పేరు కూడా ఆడో మగో తెలియనిదే పెట్టుకున్నాను. పన్నెండు నిమిషాలు బాగానే గడిచింది, అప్పటికి నావి మూడు కిల్స్, అంటే ముగ్గురు శత్రువుల్ని చంపాను. మాలో ఒకడు నాకవుట్ అయి పాకుతున్నాడు, ఇంకొకడు వాణ్ణి రివైవ్ చేయడానికి, అంటే మళ్లీ బతికించడానికి, పరిగెడుతున్నాడు, గోడ వెనక ఇద్దరు శత్రువులు కాచుకుని ఉన్నట్టు నాకు మాత్రమే కనపడుతోంది. ఇక తప్పక మైక్ నొక్కి "ఆగు, గోడ వెనక ఇద్దరున్నారు" అన్నాను.

రెండు సెకన్లు నిశ్శబ్దం. తర్వాత "అరే, లడ్కీ హై రే!" అని ఒకడు. "హలో, తెలుగా? ఏ ఊరు?" అని ఇంకొకడు. ఇన్‌స్టా ఐడీ అడిగారు. నిజంగా అమ్మాయేనా లేక వాయిస్ ఛేంజరా అని అడిగారు. గోడ వెనక ఇద్దరి గురించి ఒక్కడూ అడగలేదు. ఆ ఇద్దరూ వచ్చి అందర్నీ లేపేశారు. చచ్చాక కూడా ఒకడు "అమ్మాయి ఉంటే ఇంతేరా, మ్యాచ్ పోతుంది" అన్నాడు. ఆ మ్యాచ్‌లో మా స్క్వాడ్ మొత్తానికి వచ్చినవి ఆ మూడు కిల్సే, మూడూ నావే.

ఇది చాలా మెత్తటి ఉదాహరణ. అసలు బూతులు ఇక్కడ రాయలేను, మా అమ్మ కూడా చదువుతుంది.

మైక్ ఆఫ్ చేసుకుని ఆడుకోవచ్చు కదా?

ఆడుకుంటున్నాం కదా, చాలామందిమి అదే చేస్తున్నాం. దాని ఖరీదు ఏమిటంటే స్క్వాడ్ గేమ్‌లో సగం ఆట మాటల్లోనే ఉంటుంది. ఎవరు ఎటు వస్తున్నారు, ఎవరి దగ్గర బుల్లెట్లు అయిపోయాయి, ఎప్పుడు కదలాలి అన్నవన్నీ చెప్పుకోవాలి. నోరు కట్టేసుకుని ఆడేవాడికీ మాట్లాడుతూ ఆడేవాడికీ ర్యాంకులో తేడా వస్తుంది. ఆ ర్యాంకు చూపించి మళ్లీ "అమ్మాయిలకి అంత స్కిల్ ఉండదు" అంటారు.

అబ్బాయిలకీ తిట్లు పడతాయి కదా?

పడతాయి. అబ్బాయిని "నూబ్‌గాడా" అని తిడతారు, సరిగ్గా ఆడలేదని. మమ్మల్ని సరిగ్గా ఆడినా తిడతారు, గొంతు విన్నందుకు.

మరి అమ్మాయిలకి ఫ్రీగా లెవెల్ త్రీ హెల్మెట్లు (గేమ్‌లో గట్టి రకం), స్కిన్లు (పాత్రలకి, తుపాకులకి వేసే వేషాలు) ఇస్తారు కదా, అది లాభం కాదా?

మీకు వద్దన్నా ఎవరో కాఫీ ఇప్పించి, తర్వాత గంటసేపు మీతో కూర్చునే హక్కు తనకుందనుకుంటే ఎలా ఉంటుంది? అదే ఇది. హెల్మెట్ మీరే పెట్టుకోండి, ముందు మీరే చచ్చేది.

ఫెమినిస్టులకి గేమ్స్ మీద కోపమెందుకు?

కోపం అనుకుంటారు గానీ ఈ విషయాల మీద గట్టిగా రాసినవాళ్లంతా గేమ్స్ పిచ్చివాళ్లే. ఇష్టం లేనివాళ్లు వదిలేసి పోతారు, కూర్చుని వంద గేమ్స్ ఆడి నోట్సు రాసుకోరు.

వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న చాలా చిన్నది: గేమ్‌లో ఆడది ఏం చేస్తోంది? 1985లో వచ్చిన సూపర్ మారియోలో యువరాణి చేసే పని ఒక్కటే, కోటలో బందీగా ఉండి మారియో వచ్చేదాకా ఎదురుచూడటం. ఆమె మనిషి కాదు, కప్పు. గెలిస్తే ఇస్తారు. 1986 నాటి మెట్రాయిడ్‌లో ఇంకో తమాషా ఉంది: కవచం వేసుకున్న హీరో సామస్ నిజానికి స్త్రీ అని చివర్లో తెలుస్తుంది. ఆ రోజుల్లో అది గొప్ప దెబ్బే, ఒప్పుకుంటాను. కానీ గేమ్ ఎంత త్వరగా ముగిస్తే ఆమె ఒంటి మీద అంత తక్కువ బట్టలు కనపడేలా పెట్టారు. ఆమె హీరోనే, మళ్లీ బహుమతీ ఆమే.

1975లో లారా మల్వీ అనే బ్రిటిష్ విమర్శకురాలు సినిమాల గురించి "మేల్ గేజ్" అనే మాట తెచ్చింది, అంటే కెమెరా కళ్లే మగాడి కళ్లయిపోవడం. గేమ్స్‌లో ఇది ఇంకో మెట్టు ఎక్కింది, కెమెరాని తిప్పే బటన్ కూడా మన చేతికే ఇచ్చారు. 1996లో టూంబ్ రైడర్ లారా క్రాఫ్ట్ వచ్చినప్పుడు జరిగిన గొడవంతా దీని మీదే. ఒక పక్క ఆమె తెలివైనది, ధైర్యవంతురాలు, ఎవరి కోసమూ ఎదురుచూడదు. ఇంకో పక్క ఆ నడుము కొలత ఏ మనిషికీ సాధ్యం కాదు. అదే సిరీస్ 2013లో కొత్తగా మొదలైనప్పుడు కథ రాసింది రియానా ప్రాచెట్ అనే రచయిత్రి, లారా మామూలు మనిషిలా కనపడింది, ఒగర్చింది, దెబ్బ తగిలితే కుంటింది. జనం కొనడం ఏమీ మానలేదు.

అంటే అందమైన ఆడ పాత్రలు ఉండకూడదంటారా?

ఎవరన్నారు? ఫెమినిస్టులంతా ఒకే పార్టీ ఆఫీసులో కూర్చుని తీర్మానాలు చేయరు. 2009లో బయోనెటా అనే మంత్రగత్తె హీరోగా అదే పేరుతో గేమ్ వచ్చినప్పుడు స్త్రీవాదులే రెండుగా చీలి కొట్టుకున్నారు. ఆమె ఒంపుసొంపులు మగాళ్ల కోసమే అని కొందరు, తన అందాన్ని తనే ఆయుధం చేసుకుంది కదా అని కొందరు. ఆ పాత్ర బొమ్మ గీసింది మరీ షిమజాకి అనే మహిళ అని చెప్తే వాదన ఇంకా ముదురుతుంది. నాకైతే బయోనెటా ఇష్టం. వంద గేమ్స్‌లో వంద మందీ ఒకే అచ్చులో ఉండటమే నాకు కష్టం.

తొంభైల్లో ఇంకో చర్చ నడిచింది. అమ్మాయిల కోసం వేరే గేమ్స్ చేయాలా, ఉన్న గేమ్స్‌నే అందరివీ చేయాలా అని. 1996లో బార్బీ బట్టలు డిజైన్ చేసే గేమ్ అమెరికాలో విపరీతంగా అమ్ముడుపోయింది. అదే ఏడు బ్రెండా లారెల్ పర్పుల్ మూన్ అనే కంపెనీ పెట్టి, ఆడపిల్లల స్నేహాల చుట్టూ కథలల్లి గేమ్స్ చేసింది. 1999లో అది మూతపడి బార్బీ కంపెనీ చేతిలోకే వెళ్లింది. ఆ చర్చ ఇంకా తెగలేదు, తెగుతుందని కూడా నాకు నమ్మకం లేదు.

గేమర్‌గేట్ అంటే ఏమిటి? ఎప్పుడూ వింటుంటాం.

కొంచెం వెనక నుంచి రావాలి. 2012లో అనీటా సర్కీసియన్ అనే ఫెమినిస్టు విమర్శకురాలు గేమ్స్‌లో ఆడ పాత్రల మీద వీడియోలు చేస్తాను, 6,000 డాలర్లు ఇవ్వండి అని కిక్‌స్టార్టర్ అనే చందాల సైట్‌లో అడిగింది. ఒక్క వీడియో కూడా రాకముందే ఆమె మీద బూతుల వరద మొదలైంది, ఆమె మొహం మీద గుద్దుతూ ఆడే గేమ్ కూడా ఒకడు తయారు చేశాడు. దానికి జవాబుగా జనం దాదాపు 1,59,000 డాలర్లు ఇచ్చారు. 2013 మార్చిలో మొదటి వీడియో వచ్చింది, బందీ అయిన యువరాణుల గురించే.

2014 ఆగస్టులో జోయీ క్విన్ అనే గేమ్ డెవలపర్ మీద ఆమె పాత ప్రియుడు పొడవాటి పోస్టు రాశాడు. అక్కడి నుంచి "జర్నలిజంలో నీతి కావాలి" అనే బోర్డు కట్టుకుని వేలమంది కలిసి గేమ్స్ రంగంలోని ఆడవాళ్ల మీద పడ్డారు, దానికే గేమర్‌గేట్ అని పేరు. ఇంటి అడ్రసులు బయటపెట్టారు, చంపుతామన్నారు. క్విన్, ఇంకో గేమ్ డెవలపర్ బ్రియానా వూ ఇళ్లు విడిచి వెళ్లాల్సి వచ్చింది. అక్టోబరులో యూటా స్టేట్ యూనివర్సిటీలో అనీటా ప్రసంగం ఉంటే, వస్తే కాల్పులు జరుపుతామని మెయిల్ వచ్చింది. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం లైసెన్సు ఉన్నవాళ్లు తుపాకీ తెచ్చుకోవచ్చు, హాల్లోకి రాకుండా ఆపలేం అన్నారు. ఆమె ప్రసంగం మానుకుంది.

వీడియోలో ఆమె చెప్పిన ప్రతిదీ నేనూ ఒప్పుకోను, కొన్నిచోట్ల గేమ్‌ని మరీ పైపైన చూసిందనిపిస్తుంది. అది వాదించే విషయం. తుపాకీ తెస్తామనడం వాదన కాదు.

గేమ్స్ తయారు చేసిన ఆడవాళ్లున్నారా?

మొదటి నుంచీ ఉన్నారు. 1980లో రాబర్టా విలియమ్స్ మిస్టరీ హౌస్ చేసింది, కథల గేమ్స్‌కి బొమ్మలు తెచ్చిన తొలి గేమ్స్‌లో అదొకటి. 1981లో అటారీ వాళ్ల సెంటిపీడ్‌ని ఎడ్ లాగ్‌తో కలిసి చేసింది డోనా బెయిలీ. 1982లో రివర్ రెయిడ్ రాసింది కారల్ షా. వీడియో గేమ్ పార్లర్ అనేది మన ఊళ్లలో ఉన్న రోజుల్లో ఆ విమానం గేమ్ ఆడని పిల్లాడు లేడు, దాన్ని చేసింది ఒక ఆవిడ అని ఎవడికీ తెలియదు. 1980 నాటి ప్యాక్‌మ్యాన్‌ని చేసిన తోరు ఇవతాని అయితే, పార్లర్లకు ఆడవాళ్లు కూడా రావాలనే తినడం చుట్టూ గేమ్ అల్లానని చెప్పాడు. తినడమే ఎందుకో ఆయన్నే అడగాలి, నేనైతే వెళ్లేదాన్నే.

మరి కంపెనీల లోపల ఎలా ఉంటుంది?

2014లో అసాసిన్స్ క్రీడ్ సిరీస్ కొత్త గేమ్‌లో కలిసి ఆడటానికి ఆడ పాత్ర ఎందుకు లేదంటే దాన్ని చేసిన యూబీసాఫ్ట్ కంపెనీ వాళ్లు యానిమేషన్ పని రెట్టింపవుతుంది అన్నారు. అదే సిరీస్‌లో ముందు పనిచేసిన యానిమేటర్ ఒకాయన "ఒకటి రెండు రోజుల పని" అని తేల్చేశాడు. గడ్డం మీద ఒక్కో వెంట్రుక కదిలించే ఓపిక ఉంటుంది, జడ వేయడానికి మాత్రం బడ్జెట్ ఉండదు.

బయటికి కనపడేది అది. లోపలిది కోర్టుల దాకా వెళ్లింది. లీగ్ ఆఫ్ లెజెండ్స్ చేసే రయట్ గేమ్స్ మహిళా ఉద్యోగులు వేసిన వివక్ష కేసులో 2021 డిసెంబరులో 10 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. కాల్ ఆఫ్ డ్యూటీ చేసే యాక్టివిజన్ బ్లిజార్డ్ మీద 2021లో కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ కేసు వేస్తే, జీతాలు, ప్రమోషన్లలో తేడా చూపారన్న ఆరోపణల మీద 2023లో సుమారు 5.4 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

ఈ-స్పోర్ట్స్‌లో, అంటే వీడియో గేమ్ పోటీల్లో, కండబలం అక్కర్లేదు కదా, అమ్మాయిలు పైకి ఎందుకు రారు?

వచ్చినవాళ్లకి ఏమైందో చూడండి. 2016లో దక్షిణ కొరియాలో గెగురి అనే ఆటపేరుతో ఆడే పదిహేడేళ్ల అమ్మాయి ఓవర్‌వాచ్ అనే షూటింగ్ గేమ్‌లో ఎంత బాగా ఆడిందంటే, చీటింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతోందని ఎదుటి జట్టువాళ్లు ఆరోపించారు. మోసం కాదని తేలితే తప్పుకుంటామని ఇద్దరు పందెం కూడా కాశారు. ఆ అమ్మాయి స్టూడియోలో కూర్చుని, చేతుల మీద ఒక కెమెరా, స్క్రీన్ మీద ఒక కెమెరా పెట్టించుకుని లైవ్‌లో ఆడి చూపించింది. అదే గురి. 2018లో షాంఘై డ్రాగన్స్ జట్టులో చేరి ఓవర్‌వాచ్ లీగ్‌లో మొదటి మహిళ అయింది. ఆ సీన్ తలుచుకుంటే నాకు అగ్నిపరీక్షే గుర్తొస్తుంది, కాకపోతే ఇక్కడ నిప్పు బదులు వెబ్‌క్యామ్.

అదే 2018లో స్కార్లెట్ పేరుతో ఆడే సాషా హోస్టిన్ ప్యాంగ్‌చాంగ్‌లో పెద్ద స్టార్‌క్రాఫ్ట్ టోర్నీ గెలిచింది. 2019లో చైనాకు చెందిన లీ షియావోమెంగ్ హార్త్‌స్టోన్ ప్రపంచ ఫైనల్ గెలిచింది. అంటే పై మెట్టు ఎక్కగలరని రుజువైంది. కింది మెట్ల మీద ఎంతమంది నిలబడగలుగుతున్నారన్నదే అసలు సంగతి. రోజుకి ఆరు గంటలు ప్రాక్టీస్ చేయడానికి ఏ ఇంట్లో ఏ ఆడపిల్లకి టైమ్ దొరుకుతుంది?

అందుకే ఆడవాళ్లకి వేరే టోర్నీలు పెడుతున్నారు, వాలరెంట్ అనే షూటింగ్ గేమ్‌లో 2021 నుంచి గేమ్ ఛేంజర్స్ అనే టోర్నీ ఉంది. ఇది కూడా ఫెమినిస్టుల మధ్య గొడవే. వేరే పీట వేస్తే ఎప్పటికీ వేరే పీటే అని కొందరంటారు. నా మటుకు ముందు కూర్చోనివ్వండి, పీట సంగతి తర్వాత చూద్దాం.

ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఏం చేయను?

ఇప్పుడు అమ్మమ్మ చెవి దగ్గరికి వద్దాం. 2019లో ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు దాని మీదే గడుపుతున్నారు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. తేడా మూడు గంటల పైమాటే, అంటే నా లెక్కలో ఆరు మ్యాచ్‌లు. ఇక ఫోన్ సంగతి: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్లు 57 శాతం, ఆడవాళ్లు 33 శాతం. తాము వాడుకునే సొంత మొబైల్ ఉందన్న ఆడవాళ్లు 54 శాతం. మిగతావాళ్లు ఆడాలంటే ముందు అన్నయ్యనో ఆయన్నో ఫోన్ అడగాలి.

తెలుగు స్త్రీవాద రచయిత్రులు ఎనభైల నుంచీ వంటింటి గురించి, ఆడవాళ్ల టైమ్ ఎటు పోతోందన్న దాని గురించి రాస్తూనే ఉన్నారు. గేమింగ్ మీద ఫెమినిజం అంటే నాకు అన్నిటికన్నా ముందు అదే. లారా నడుము కొలత తర్వాత మాట్లాడుకోవచ్చు. నేను ఇప్పటికీ హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుంటాను. రెండో చెవి కుక్కర్ కోసం, కాలింగ్ బెల్ కోసం, "ఏమే, ఏం చేస్తున్నావ్" కోసం. మా ఆయన రెండు చెవులకీ పెట్టుకుంటాడు, వాళ్ల నాన్న వచ్చి భుజం తట్టినా తెలియదు. ఒక చెవితో ఆడితే అడుగుల చప్పుడు ఎటు నుంచి వస్తోందో తెలియదు, వెనక నుంచి వచ్చి కొట్టేస్తారు. ఇది పోలిక కాదు, గేమ్‌లో నిజంగానే అలా చచ్చాను, ఎన్నిసార్లో.

ఏం చేయాలంటారా? నేను చేసింది చెప్తాను. రాత్రి పది నుంచి పదకొండు నాది అని చెప్పాను. "ఆడుకుంటున్నాను" అనే చెప్పాను, "ఆఫీస్ పని" అని అబద్ధం చెప్పలేదు. మొదటి నెల అత్తయ్య మొహం ముడుచుకుంది. తర్వాత లూడో ఎలా వేసుకోవాలని అడిగింది. మీ ఇంట్లో ఇలాగే అవుతుందని నేను గ్యారంటీ ఇవ్వను.

మా నాన్న గేమ్స్ అంటే జూదం అంటున్నారు.

డబ్బులు పెట్టి ఆడే రమ్మీ వేరు, ఇవి వేరు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టం డబ్బు గేమ్స్‌ని ఆపి, ఈ-స్పోర్ట్స్‌ని వేరుగా గుర్తించింది. ఈ ముక్క నాన్నగారికి చూపించండి. స్కిన్ల మీద మీరు తగలేసిన డబ్బులు మాత్రం చూపించకండి.

స్ట్రీమింగ్ చేసి, అంటే ఆడుతూ లైవ్‌లో చూపించి, సంపాదించే అమ్మాయిలున్నారా?

మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా నుంచి వచ్చిన పాయల్ ధారే ఉంది. 2024 ఏప్రిల్‌లో ప్రధాని గేమర్లతో కూర్చున్నప్పుడు ఆ గుంపులో ఒకే ఒక్క అమ్మాయి. అందరూ అంత సంపాదించరు. లైవ్ చాట్‌లో బూతులు తీసేయడానికి నమ్మకమైన మనిషి లేకుండా మొదలుపెట్టకండి.

మన దేశంలో చేసిన మంచి గేమ్ ఏదైనా చెప్పండి.

రాజీ. పుణెలోని నాడింగ్ హెడ్స్ వాళ్లు 2020లో విడుదల చేశారు. రాక్షసులు ఎత్తుకుపోయేది తమ్ముడు గోలూని, వెతుక్కుంటూ వెళ్లేది అక్క, చేతిలో దుర్గ ఇచ్చిన త్రిశూలం. యువరాణి కోటలో కూర్చునే కథని ఇంతకన్నా చక్కగా తిరగేయడం నేను చూడలేదు. ఫైటింగ్ అక్కడక్కడ విసిగిస్తుంది, గేమ్ చిన్నది, బొమ్మలు మాత్రం ఆగి చూడాలనిపిస్తాయి.

ఎవరైనా బెదిరిస్తే, ఫోటోలు అడిగితే?

గేమ్‌లో బ్లాక్, రిపోర్ట్ ఎలాగూ చేస్తారు, దానికంటే ముందు స్క్రీన్‌షాట్, వాయిస్ అయితే స్క్రీన్ రికార్డింగ్ తీయండి. బ్లాక్ చేశాక కొన్నిచోట్ల చాట్ కనపడదు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఆడవాళ్ల ఫిర్యాదులకు వేరే విభాగం ఉంది. తెలంగాణలో షీ టీమ్స్‌కి చెప్పొచ్చు. వద్దన్నా ఆన్‌లైన్‌లో వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. ఇంట్లో చెప్తే ముందు ఫోన్ లాక్కుంటారేమోనని చాలామంది చెప్పరు. అందుకే తల్లిదండ్రులకి ఒక మాట: పిల్ల వచ్చి చెప్పినప్పుడు ఫోన్ లాక్కోకండి, లాక్కుంటే రెండోసారి చెప్పదు.

నేను అబ్బాయిని. నేనేం చేయాలి?

స్క్వాడ్‌లో ఎవడైనా మొదలుపెడితే "రేయ్, గేమ్ ఆడరా" అనండి, చాలు. ఒకసారి గుంటూరు యాసలో ఒక కుర్రాడు సరిగ్గా అదే అని, "అక్కా, ఆ ఇద్దరు ఎటున్నారో చెప్పండి" అన్నాడు. చెప్పాను. గెలిచాం. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు పాపం, వాడికి ఎగ్జామ్ ఉందట, మ్యాచ్ కాగానే వెళ్లిపోయాడు.

మీ ఐడీ ఇస్తారా, కలిసి ఆడదాం?

ఇవ్వను. ఇంత రాశాక కూడా ఇదే అడిగేవాళ్లు రోజుకొకరు తగులుతారు. అమ్మాయిలైతే మాత్రం మీ ఫ్రెండ్స్‌లో నలుగురిని పోగేసుకుని మీ స్క్వాడ్ మీరే కట్టుకోండి, మొదటి పది మ్యాచ్‌లు దారుణంగా ఓడిపోతారు, మేమూ ఓడిపోయాం. పదిన్నర అయింది, నేను వెళ్తున్నా, స్క్వాడ్‌లో ముగ్గురు వచ్చేశారు, నాలుగో ఆవిడ పాపని పడుకోబెడుతోంది.